పాత బండికి కరెంటు మోటారు: అసలు లెక్క అలిపిరి దాటాకే

పాత స్ప్లెండర్ ఇంజిన్ దించేసి ఆ చోట కరెంటు మోటారు పెట్టడం చెయ్యి తిరిగిన మెకానిక్‌కు పెద్ద పనేం కాదు. సామాను ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. ఎలా బిగించాలో చూపించే వీడియోలు తెలుగులోనే బోలెడున్నాయి. ఇంజినీరింగ్ చివరి సంవత్సరం పిల్లలకు ఇది ఇష్టమైన ప్రాజెక్టు. అంతా బిగించి యాక్సిలరేటర్ తిప్పితే బండి చప్పుడు లేకుండా ముందుకు పోతుంది, చుట్టూ చేరినవాళ్లు ఫోన్లు బయటికి తీస్తారు. వీడియో అక్కడితో అయిపోతుంది. బండి ఓనరు కథ అక్కడే మొదలవుతుంది. ఒక్క చార్జింగుకు ఎంత దూరం వస్తుంది? కొండ ఎక్కుతుందా? మే నెల ఎండకు ఆగుతుందా? దారిలో ఆపితే ఏ కాగితం చూపించాలి?

దాదాపు అందరూ మోటారు దగ్గరే మొదలుపెడతారు. రెండు కిలోవాట్లది చాలా, మూడుది తీసుకోవాలా అని అడుగుతారు. నన్నడిగితే మోటారు ఆఖర్న ఎంచుకోవాల్సిన వస్తువు. ముందు బండి రోజూ తిరిగే దారి చూడాలి. ఆ దారిని బట్టి బ్యాటరీ, ఆ తర్వాతే మోటారు. నిజానికి వీటన్నిటి కంటే ముందు చూడాల్సింది ఆర్సీ. కానీ దాని సంగతి మొదటే చెబితే మిగతాది ఎవరూ చదవరు, అందుకని కొంచెం వెనక్కి పెడుతున్నాను.

లీటరు పెట్రోలుకు ఎన్ని యూనిట్లు?

లీటరు పెట్రోలును మండిస్తే వచ్చే వేడిని కరెంటు లెక్కలోకి మారిస్తే సుమారు 9 యూనిట్లు. మన ఇంటి మీటర్లో తిరిగే యూనిట్టే, అంటే 1000 వాట్ అవర్లు. ఇందులో ఇంజిన్ చక్రం దాకా చేర్చేది నాలుగో వంతు కూడా ఉండదు. మిగతాదంతా సైలెన్సరు వేడి, ఇంజిన్ రెక్కల వేడి. బ్యాటరీ, మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే కంట్రోలరు, మోటారు సరిగ్గా కుదిరితే బ్యాటరీలోంచి తీసిన కరెంటులో 80 శాతం దాకా చక్రానికి చేరుతుంది.

అందుకే స్ప్లెండర్ లాంటి బండి మీద ఇద్దరు కూర్చుని ఊళ్లో 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే కిలోమీటరుకు 28 వాట్ అవర్లు సరిపోతాయి. రెండు యూనిట్ల బ్యాటరీ 70 కిలోమీటర్లు లాగుతుంది. అంటే ఇంజిన్ చోటంతా ఆక్రమించే బ్యాటరీ ఇచ్చే దూరం లీటరు పెట్రోలు ఇచ్చే దూరానికి కొంచెం అటూ ఇటూ. పాత ట్యాంకులో పది లీటర్లు పట్టేవన్న సంగతి గుర్తుంటే, మనం దేన్ని వదులుకుంటున్నామో అర్థమవుతుంది.

వేగం పెరిగితే ఈ లెక్క తలకిందులవుతుంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, అదే బండిని చిత్తూరు హైవే మీద 70లో పోనిస్తే కిలోమీటరుకు 60 వాట్ అవర్ల దాకా తింటుంది. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు. 40లో నింపాదిగా పోతే చేరతారు. 70లో పోతే సగం దారి దాటీ దాటకముందే బండి ఆగుతుంది. పెట్రోలు బండికి కూడా వేగంతో మైలేజీ తగ్గుతుంది కానీ బంకులు దారి పొడుగునా ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

కాబట్టి బండి కొర్లగుంట నుంచి లీలామహల్ సర్కిల్‌కి, తిరుచానూరుకి, మహా అయితే రేణిగుంటకి తిరిగేదైతే రెండు యూనిట్లు చాలు. శ్రీకాళహస్తికి పోయి అదే రోజు తిరిగి రావాలంటే అక్కడ చార్జింగ్ పెట్టుకునే చోటు ఉండాలి. రోజూ హైవే మీద తిరిగే పని ఉంటే ఈ ఆలోచన మానుకోవడమే మంచిది.

కొండ అడిగే ప్రశ్న

తిరుపతిలో బండి అన్నాక ఎప్పుడో ఒకసారి కొండెక్కాల్సిందే. ఇంట్లో తయారైన కరెంటు బండికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

తిరుపతికీ తిరుమలకీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు మీదుగా పైకి వెళ్తాం, దూరం సుమారు 18 కిలోమీటర్లు. బండి, ఇద్దరు మనుషులు కలిపి 250 కిలోలు అనుకుందాం. ఈ బరువును 700 మీటర్ల ఎత్తుకు చేర్చడానికే 480 వాట్ అవర్లు కావాలి. టైర్ల రాపిడికీ గాలికీ ఆ 18 కిలోమీటర్లలో ఇంకో 400. చక్రం దగ్గర మొత్తం 880. మోటారులో, కంట్రోలరులో పోయేది కూడా కలిపితే బ్యాటరీలోంచి 1100 వాట్ అవర్లు, అంటే యూనిట్టుకు కాస్త ఎక్కువ. రెండు యూనిట్ల బ్యాటరీలో సగానికి పైగా పైకి చేరేసరికి ఖర్చయిపోతుంది.

ఇక్కడి వరకు భయపడాల్సింది ఏమీ లేదు, బ్యాటరీ ఆగుతుంది. కష్టం వచ్చేది మోటారుకు. కొండ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలన్నది టీటీడీ నియమం. సరిగ్గా 28 నిమిషాల్లో ఎక్కాలంటే చక్రం దగ్గర సగటున 1.9 కిలోవాట్లు, అది కూడా అరగంట పాటు ఆపకుండా అందాలి. నిటారుగా ఉన్న చోట్ల ఇంకా ఎక్కువ. మన మార్కెట్లో దొరికే హబ్ మోటార్ల మీద పెద్ద అక్షరాలతో రాసే మూడు కిలోవాట్లు చాలాసార్లు పీక్ లెక్క, అంటే కొద్ది నిమిషాలు మాత్రమే భరించగలిగే శక్తి. నిలకడగా ఇవ్వగలిగేది చిన్న అక్షరాల్లో ఉంటుంది, 1.5 కిలోవాట్లు అని. కొన్నిటి మీద అదీ ఉండదు.

హబ్ మోటారు చక్రం మధ్యలో మూసిన డబ్బాలో ఉంటుంది. లోపలి వైండింగుకు గాలి తగలదు. స్థాయికి మించి అరగంట లాగితే వేడి పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది. చాలాసార్లు మొదట పోయేవి హాల్ సెన్సర్లు. మోటారు ఏ స్థితిలో తిరుగుతోందో కంట్రోలరుకు చెప్పే చిన్న చిప్పులు ఇవి, మూడు ఉంటాయి. ఒకటి పోయినా బండి కుదుపులు కుదుపులుగా కొట్టుకుని ఆగిపోతుంది. వేడి ఇంకా పెరిగితే అయస్కాంతాల బలమే తగ్గుతుంది, అది మళ్లీ తిరిగిరాదు.

అందుకే ఘాట్ ఎక్కే బండికి నేను మిడ్ డ్రైవ్ వైపే ఉంటాను. ఇంజిన్ ఉన్న చోట మోటారు పెట్టి, చైనూ స్ప్రాకెట్లూ ఉంచి వెనక చక్రాన్ని తిప్పే పద్ధతి ఇది. మోటారు వేగంగా తిరుగుతుంది, స్ప్రాకెట్లు ఆ వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. అదే పనికి మోటారు తక్కువ కరెంటు తీసుకుంటుంది, తక్కువ వేడెక్కుతుంది, గాలి తగిలే చోట ఉంటుంది. ఖర్చు ఎక్కువ, చైను చప్పుడు ఉంటుంది, బిగించడానికి మెకానిక్‌కు కాస్త బుర్ర పెట్టే పని. ఊళ్లోనే తిరిగే బండికైతే హబ్ మోటారు చాలు, దాంతో వాదన లేదు.

ఎక్కడం గురించి ఇంత మాట్లాడుకుంటారు కానీ దిగడం గురించి ఎవరూ అడగరు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. దిగే దారి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, 36 మలుపులు. పెట్రోలు బండిని రెండో గేరులో పెట్టి వదిలితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకులు మలుపుల దగ్గర తాకితే చాలు. ఇంజిన్ తీసేశాక ఆ పట్టు ఉండదు. పాత స్ప్లెండర్‌కు ఉన్నవి డ్రమ్ బ్రేకులు. ఇద్దరితో, బ్యాటరీ బరువుతో 40 నిమిషాలు వాటి మీదే ఆధారపడి దిగితే డ్రమ్ములు కాలిపోయి లివరు నొక్కినా పట్టని స్థితి వస్తుంది.

దీనికి విరుగుడు రీజెన్. దిగేటప్పుడు మోటారునే డైనమోలా వాడి బండి వేగం తగ్గించడం, ఆ కరెంటును బ్యాటరీకి పంపడం. దీని మీద జనానికి భ్రమలు కూడా ఉన్నాయి, కొండ దిగేసరికి బ్యాటరీ నిండిపోతుందని. లెక్క వేస్తే అంత లేదు. 480లో టైర్లకూ గాలికీ 290 పోతే మిగిలేది 190, అందులో బ్యాటరీకి చేరేది 110 వాట్ అవర్లు, మూడు నాలుగు కిలోమీటర్ల దూరం. రీజెన్ విలువ ఆ కరెంటులో లేదు, బ్రేకులు కాలకుండా ఉండటంలో ఉంది. ఒక మెలిక గుర్తుంచుకోవాలి. పైన గదిలో చార్జింగ్ పెట్టి బ్యాటరీ నిండుగా నింపుకుని దిగితే రీజెన్ కరెంటు తీసుకునే చోటు ఉండదు. బ్యాటరీని కాపాడే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) దాన్ని మధ్యలో కట్ చేస్తుంది. సరిగ్గా మలుపులో పట్టు వదిలేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైన చార్జింగ్ పెట్టినా 80 శాతం దగ్గర ఆపేయాలి.

ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచి ఇదే ఘాట్‌లో తిరుగుతున్నాయి. కరెంటుకు కొండ చేతకాదన్న మాట లేదు. వాటికి మోటారును, బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు ఉంది, బ్రేకులు ఆ బరువుకు తగ్గట్టు చేసినవి.

ఎద్దుల కాడి లాంటి బ్యాటరీ

తిరుపతి వాళ్లకు బ్యాటరీ అనగానే కరకంబాడి గుర్తొస్తుంది. 1985లో గల్లా రామచంద్రనాయుడు మొదలుపెట్టిన అమరరాజా వల్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ గురించి తెలిసిన మనుషులు ఇక్కడ వీధికొకరు ఉంటారు. అందుకే ఇక్కడ చాలామంది మొదటి ఆలోచన ఇన్వర్టరు బ్యాటరీలే. చవక, తెలిసిన సరుకు. కానీ లెడ్ యాసిడ్ కిలోకు ఇచ్చేది 35 వాట్ అవర్లే. రెండు యూనిట్లకు పైగా కావాలంటే 60 కిలోల పైమాట, అంటే ఇంకో మనిషి. పైగా పూర్తిగా ఖాళీ చేస్తూ పోతే తొందరగా పాడవుతుంది, సగమే వాడుకోవాలి. బండికి అది కుదరదు.

లిథియంలో రెండు రకాలు మనకు అందుబాటులో ఉన్నాయి. ఎన్‌ఎంసీ తేలిక, చిన్నది. ఎల్‌ఎఫ్‌పీ కొంచెం బరువు, కానీ వేడిని బాగా తట్టుకుంటుంది, రెండు వేల సార్లు పైగా చార్జింగ్ పెట్టుకోవచ్చు. మే నెలలో 42, 43 డిగ్రీలు చూసే ఊళ్లో, ఇంట్లో కట్టిన ప్యాకుకు ఎల్‌ఎఫ్‌పీ తప్ప వేరే మాట నేను చెప్పను.

మన దగ్గర ఎక్కువగా దొరికే ఎల్‌ఎఫ్‌పీ సెల్ 32700 అనే సైజుది. టార్చిలైటు సెల్ కంటే కాస్త పెద్దది, 3.2 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లు. ఐదేసి సెల్స్‌ను పక్కపక్కన కలిపి ఒక గుంపు, అలాంటి 24 గుంపులను వరసగా కలిపితే 120 సెల్స్, 76.8 వోల్టులు, 30 ఆంపియర్ అవర్లు. 2.3 యూనిట్ల ప్యాకు, సెల్స్ బరువు 17 కిలోల దాకా. దుకాణంలో దీన్నే 72 వోల్టుల ప్యాకు అంటారు. నిండుగా చార్జ్ అయినప్పుడు మాత్రం 87.6 వోల్టులు ఉంటుంది. కంట్రోలరు కొనేటప్పుడు అది ఈ గరిష్ఠ వోల్టేజీని తట్టుకుంటుందో లేదో చూడాలి. 60 వోల్టులు దాటిన డీసీని ప్రమాదకరంగానే చూడాలి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేసి పనిలో దిగాలి.

వరసగా కలిపిన గుంపుల్లో ఒకటి బలహీనమైతే మొత్తం ప్యాకు దాని స్థాయికి దిగిపోతుంది. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు ఈడ్చుకుంటే రెండోది ఎంత బలిసినా లాభం లేదు. బలహీనమైన గుంపు అందరికంటే ముందు ఖాళీ అవుతుంది, అందరికంటే ముందు నిండుతుంది, నిండాక కూడా కరెంటు ఎక్కిస్తూ పోతే అక్కడే పొగ లేస్తుంది. దీన్ని కనిపెట్టి ఆపేదే బీఎంఎస్. సెకండ్ హ్యాండ్ సెల్స్, పాత ప్యాకులు విప్పి అమ్మే సెల్స్ చవకగా వస్తాయి గానీ వాటిలో ఏది ఎంత అరిగిందో ఒక్కోటిగా కొలిస్తే తప్ప తెలియదు. ఆ ఓపిక ఉన్నవాళ్లు తక్కువ.

సెల్స్‌ను కలిపే పట్టీ దగ్గర కూడా ఒక మోసం నడుస్తుంది. అది శుద్ధమైన నికెల్ అయ్యుండాలి. నికెల్ పూత పూసిన ఇనుప పట్టీ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, ధర తక్కువ, కరెంటు పారేటప్పుడు ఎక్కువ వేడెక్కుతుంది, వానకాలంలో తుప్పు పడుతుంది. తేడా తెలుసుకోవడానికి పట్టీ అంచును గ్రైండింగ్ చక్రానికి తాకిస్తే చాలు. నిప్పురవ్వలు చిమ్మితే ఇనుము, చిమ్మకపోతే నికెల్. అయస్కాంతంతో చూద్దామంటే కుదరదు, నికెల్ కూడా అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఈ పట్టీలను స్పాట్ వెల్డింగుతోనే అతికించాలి. సోల్డరింగ్ ఇనుముతో సెల్ మీద నొక్కిపెడితే ఆ వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి. ఆ దెబ్బ ఆ రోజు కనిపించదు.

చార్జింగ్ విషయంలో ఎండాకాలం ఒక నియమం పెట్టుకోవాలి. లిథియం సెల్‌కు 45 డిగ్రీలు దాటిన వేడిలో కరెంటు ఎక్కించకూడదు. మిట్టమధ్యాహ్నం బయట తిరిగి వచ్చిన బండిలో సెల్స్ అప్పటికే ఆ వేడి దాటి ఉంటాయి. గంటో రెండు గంటలో నీడలో ఆరనివ్వాలి. మెట్ల కింద, బయటికి పోయే ఏకైక తలుపు పక్కన చార్జింగ్ పెట్టి నిద్రపోవడం మాత్రం ఏ కాలంలోనూ వద్దు.

తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో 2022లో మునోత్ అనే సంస్థ లిథియం సెల్స్ తయారీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అది విని స్థానికంగా బండి సెల్స్ దొరుకుతాయని కొందరు అనుకుంటున్నారు. అవి ఫోన్లు, పవర్ బ్యాంకుల తరహా సెల్స్.

చిన్న వస్తువులు, పెద్ద తంటాలు

వైరింగులో అన్నీ చెప్పుకుంటూ పోతే ఇది పుస్తకమవుతుంది. ప్రాణాల మీదికి వచ్చేవి రెండు మూడే.

చాలామంది బ్యాటరీకి రక్షణగా ఇంట్లో వాడే ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి, పెడతారు. అది ఏసీ కోసం చేసింది. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చి తెరుచుకున్నప్పుడు పుట్టే మెరుపు దానంతటదే ఆరిపోతుంది. డీసీ సున్నాకు రాదు. షార్ట్ అయినప్పుడు ఎంసీబీ తెరుచుకున్నా లోపల మెరుపు అలాగే మండుతూ ఉండొచ్చు. సోలారు సామాను అమ్మే దుకాణాల్లో డీసీ ఎంసీబీ అని అడిగి, దాని మీద వోల్టేజీ చూసి తీసుకోవాలి. దాంతోపాటు బ్యాటరీ ప్లస్ వైరుకు ప్యాకు పక్కనే ఒక ఫ్యూజు.

యాక్సిలరేటరు రెండోది. కరెంటు బండి యాక్సిలరేటరులో తీగ ఉండదు, హాల్ సెన్సరు ఉంటుంది. సుమారు 0.8 వోల్టుల నుంచి 4.2 వోల్టుల దాకా సిగ్నల్ పంపుతుంది. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పీ తిప్పీ దాని ఎర్తు వైరు తెగితే, మామూలు కంట్రోలర్లు దాన్ని ఫుల్ యాక్సిలరేటరుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. అందుకే బ్రేకు లివరు తాకగానే మోటారును ఆపే స్విచ్చిని రెండు లివర్లకూ పెట్టాలి. బిగించాక స్టాండు వేసి, చక్రం గాల్లో తిరుగుతుండగా ఆ ఎర్తు వైరు పీకి చూడాలి. ఏమవుతుందో రోడ్డు మీద తెలుసుకోవడం కంటే ఇంట్లో తెలుసుకోవడం నయం.

హబ్ మోటారైతే ఇరుసు సంగతి. మోటారు చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తిప్పుతుందో ఇరుసును అంతే బలంగా వెనక్కి తిప్పాలని చూస్తుంది. నట్టు వదులైతే ఇరుసు గాడిలోంచి జారి తిరుగుతుంది, దాని మధ్యలోంచి వచ్చే వైర్లు మెలిపడి తెగుతాయి. ఇరుసును స్వింగ్ ఆర్మ్‌కు, అంటే వెనక చక్రాన్ని మోసే చట్రానికి, పట్టి ఉంచే ఉక్కు పట్టీ, టార్క్ ఆర్మ్ అంటారు, రెండు వైపులా తప్పనిసరి. బ్యాటరీ పెట్టెను ఇంజిన్ బిగించే బోల్టు రంధ్రాలకే బిగించాలి. ఛాసిస్‌ను కోయడం, దానికి వెల్డింగ్ పెట్టడం వద్దే వద్దు.

ఆర్సీలో పెట్రోలు అనే మాట

ఇక్కడ మెకానిక్‌లు చేతులెత్తేస్తారు. "మోటారు నేను బిగిస్తా సార్, పేపర్ల సంగతి మాత్రం నన్నడక్కండి" అంటారు. వాళ్ల తప్పేం లేదు.

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే సెక్షన్‌లో ఒక తలుపు తెరిచి ఉంది. సీఎన్‌జీకి గానీ బ్యాటరీకి గానీ మార్చే కిట్‌ను ప్రభుత్వం పెట్టిన షరతులకు లోబడి బిగించుకోవచ్చు. ఆ షరతులు 2016లో వచ్చాయి. కిట్ తయారుచేసినవాళ్లు పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల దగ్గర ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పరీక్ష చేయించి అనుమతి తెచ్చుకోవాలి. ఫలానా మోడల్‌కు ఫలానా కిట్ అన్న లెక్కన అనుమతి ఇస్తారు. దాన్ని బిగించేది కూడా ఆ కంపెనీ ఒప్పుకున్న మెకానికే అయ్యుండాలి. ఆ తర్వాత ఆర్టీఓ దగ్గర ఆర్సీలో ఇంధనం మారుతుంది, పచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు వస్తాయి.

ఇందులో ఇంట్లో చేసుకునేవాడికి చోటు ఎక్కడుంది? నిజం చెప్పాలంటే లేదు. ఒక్క బండి కోసం పుణె వెళ్లి పరీక్ష చేయించే పని ఎవరికీ గిట్టదు. బ్యాటరీకి వేరే పరీక్షలు. 2022లో దేశంలో వరసగా ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలిపోయాక బ్యాటరీల ప్రమాణం ఏఐఎస్-156ను ఇంకా కఠినం చేశారు. ప్యాకులోకి నీళ్లు పోకూడదు, ఒక సెల్ అంటుకున్నా పక్కవాటికి పాకే తీరు మీద కూడా పరీక్ష. ఇంట్లో ఫైబర్ టేపు చుట్టిన ప్యాకు ఆ గడప తొక్కలేదు.

అనుమతి లేకుండా మార్చితే 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం ఓనరుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. దానికంటే నేను భయపడేది ఇన్సూరెన్స్‌కు. పాలసీ పెట్రోలు బండికి ఉంది. ఎవరినైనా గుద్దితే, ఈ బండి ఆ బండి కాదని కంపెనీ వాదిస్తుంది. బాధితుడికి కంపెనీ చెల్లించినా ఆ సొమ్మును ఓనరు దగ్గర వసూలు చేసుకునే ఆదేశం రావచ్చు. లక్షల్లో ఉండే సొమ్ము అది. ఇక అలిపిరి చెక్‌పోస్టులో సీటు కింద టేపు చుట్టిన పెట్టె, లావుపాటి వైర్లు కనిపిస్తే భద్రతా సిబ్బందికి మన ప్రాజెక్టు గురించి వివరించే అనుభవం వేరుగా ఉంటుంది.

"250 వాట్ల మోటారు పెట్టుకుంటే రిజిస్ట్రేషనే అక్కర్లేదు కదా" అని ఎప్పుడూ ఒకరు అంటారు. ఆ మినహాయింపు నిజమే, కానీ ముఖ్యంగా మూడు షరతులు కలిసి ఉండాలి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బండి బరువు 60 కిలోల లోపు. స్ప్లెండర్ ఇంజిన్, పెట్రోలు తీసేసినా ఆ బరువులోకి రాదు. వచ్చినా 250 వాట్లతో అది రేణిగుంట ఫ్లైఓవర్ కూడా సరిగ్గా ఎక్కదు.

చట్టబద్ధమైన దారి ఒక్కటే, మీ మోడల్‌కు అనుమతి ఉన్న కిట్. ఠాణేకు చెందిన గోగోఏ1 అనే కంపెనీ 2021లో స్ప్లెండర్‌కు అలాంటి కిట్ తెచ్చింది. బ్యాటరీ కాకుండా కిట్ ధర అప్పట్లో 35,000 రూపాయలు, బ్యాటరీతో కలిపి లక్షకు దగ్గర. కొనేముందు అనుమతి పత్రం అడిగి, అందులో మీ మోడల్ పేరు ఉందో లేదో చూసుకుని, దాన్ని పట్టుకుని ముందు మీ ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లండి, తర్వాత డబ్బు కట్టండి. ఏపీ 03 నంబరున్న పాత బండ్లలో చాలావాటికి పదిహేనేళ్లు దాటి ఉంటాయి, ఆర్సీ రెన్యువల్ పెండింగులో ఉంటే అది ముందు తేలాలి.

డబ్బు

రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవాడికి అర లీటరు పెట్రోలు, లీటరు 110 రూపాయలకు అటూ ఇటూ కాబట్టి 55 రూపాయలు. అదే దూరానికి కరెంటు చార్జరులో పోయేదాంతో కలిపి యూనిట్టు. ఇంటి కరెంటు 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో ఉంటే 6 రూపాయలు, అది దాటితే 8.75. అంటే రోజుకు 46 నుంచి 49 రూపాయలు మిగులు. ఏడాదిలో 300 రోజులు తిరిగితే 14,000 అనుకోండి. ఆయిలు మార్చే ఖర్చు, ప్లగ్గు, క్లచ్చు ప్లేట్లు కూడా తప్పుతాయి.

లక్ష పెట్టిన కిట్‌కు ఆ సొమ్ము తిరిగి రావడానికి ఏడేళ్లు. అప్పటికి బ్యాటరీ ముసలిదైపోతుంది, బండి అప్పటికే ముసలిది. అదే లక్షకు వారంటీతో, పచ్చ ప్లేటుతో కొత్త ఎలక్ట్రిక్ స్కూటరు షోరూములోంచి వస్తుంది. కాబట్టి పొదుపు కోసమే అయితే ఈ పని చేయకండి. ఇంజిన్ బోరుకు వచ్చి, ఛాసిస్ గట్టిగా ఉండి, నాన్న నడిపిన బండి అమ్మబుద్ధి కాక, పైగా అనుమతి ఉన్న కిట్ దొరికితే అప్పుడు చేయొచ్చు. అది లెక్క కాదని తెలిసే చేయాలి.

చేతులతో చేసుకోవాలన్న సరదా ఉన్నవాళ్లకు చిత్తూరు జిల్లాలో ఒక చోటు ఉంది, మామిడి తోట. పూర్తిగా ఒక ఆవరణ లోపలే వాడేందుకు మార్చిన ప్రత్యేక తరహా బండిని చట్టం మోటారు వాహనాల లెక్కలోంచి మినహాయించింది. తోతాపురి కాపు దిగే రోజుల్లో కంచె లోపల క్రేట్లు మోయడానికి 48 వోల్టుల ప్యాకు, నెమ్మదైన వేగం, వెనక చిన్న ట్రాలీ చాలు. అక్కడ వేగం లేదు, ఘాట్ లేదు. ఫ్యూజు, ఎంసీబీ మాత్రం అక్కడా అవే. ఆ బండిని మళ్లీ రోడ్డెక్కించే ఉద్దేశం లేకపోతే 14 రోజుల్లోపు ఆర్టీఓకు తెలియజేసి ఆర్సీ రద్దు చేయించుకోవాలి. ఉద్దేశం ఉంటే మాత్రం దించిన ఇంజిన్‌ను పాత సామాను వాడికి తూకానికి వేయకండి. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు దాని మీదే ఉంది.